అడగకుండా వాకబు

సోషియాలజీలో పీహెచ్‌డీకి ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడగమన్నారు మా గైడు. కొత్తవాళ్లను పలకరించాలంటే నాకు భయం. ఆ సంగతి ఆయనకు చెప్పాలన్నా భయమే. బొబ్బిలి బస్సులో ఈ గోడంతా స్నేహితుడికి ఫోన్లో వెళ్లబోసుకున్నాను. మేనల్లుడి పెళ్లి సంబంధం వాకబుకు వెళ్తున్న పెద్దావిడ పక్క సీట్లోంచి అంతా విన్నది.

"అడిగితే ఏటి తెలుస్తాది బాబూ? ఇంటోళ్లు అంతా మంచే సెప్తారు. ఎదురింటోళ్లు అంతా సెడ్డే సెప్తారు. నానెవుల్నీ అడగను. ఆ పెళ్లికూతురోళ్ల ఈధి కొట్లో జీలకర్ర కొంటూ కూకుంటాను. వొచ్చీపోయీవోళ్లని సూస్తే సాలు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరికే కూర్చుని చూడడానికి మా పుస్తకాల్లో గౌరవమైన పేరే ఉంది. ఆ పేరు చెప్పి గైడును ఒప్పించాను. థీసిస్‌లో ఈ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నానో ఒక అధ్యాయం రాశాను. భయం సంగతి తప్ప అన్నీ రాశాను.