ఇంకోసారి, మేడం

కారంపూడి నుంచి వచ్చిన ఆ పెద్ద నర్సమ్మకి రిటైర్మెంట్ దగ్గరపడింది. పుట్టగానే ఏడవని బిడ్డకి ఊపిరెట్టా అందించాలో నరసరావుపేటలో నర్సులకి నేను నేర్పుతుంటే, రబ్బరు బొమ్మని కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచింది. అందరూ నవ్వారు. "అట్టా చెయ్యకూడదక్కా," అన్నాను.

"మాకు నేర్పిందే అది మేడం. చానామందిని అట్టానే కొట్టా," అంది, నవ్వకుండా. అందరూ అన్నానికి లేచినా ఆమె కదల్లేదు. బొమ్మని తుడిచి, మాస్కు పెట్టి, గాలి బ్యాగు నొక్కి, మళ్లీ మొదటికొచ్చేది. "ఇంకోసారి, మేడం."

నెల తర్వాత నేను వాళ్ల ఆసుపత్రికి వెళ్లిన రోజే ఒక బిడ్డ ఏడుపు లేకుండా, నీలంగా పుట్టాడు. ఆమె చెయ్యి సర్రున వాడి కాళ్ల వైపు వెళ్లింది. ఆ చెయ్యి మధ్యలోనే ఆగి, పక్కనున్న పొడి గుడ్డ అందుకుంది. తుడిచి, మాస్కు పెట్టి, బ్యాగు నొక్కింది. ఛాతీ లేచింది. కాసేపటికి వాడు కేర్‌మన్నాడు.

ముప్పయ్యేళ్ల అలవాటు అట్టా గాల్లో ఆగిపోవడం నేనింకెక్కడా చూళ్లేదు.

బిడ్డని తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, ఆమె బీరువాలోంచి, సాధనకని మేం వాళ్ల ఆసుపత్రికిచ్చిన బొమ్మని తీసింది.

"చెయ్యి కాళ్ల మీదికే పోయింది, చూశారుగా. ఇంకోసారి, మేడం."