చుక్క నీళ్లు చూసి నిజం చెప్పిన డాక్టరమ్మ

మా బిడ్డకు వైద్యం చేసిన కంటి డాక్టరమ్మ పోయింది. గుండెపోటు వచ్చిందని పొద్దున్నే వార్డు సిస్టర్ ఫోన్ చేసింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను కదలలేకపోయిన.

మేము బోరబండల కిరాయికి ఉంటం. మా ఆయన హైటెక్ సిటీల క్యాబ్ నడుపుతడు. బిడ్డకు రెండేండ్లప్పుడు ఎడమ కంట్ల తెల్లటి మెరుపు కనిపించింది. దవాఖానకు పోతే కంట్ల క్యాన్సర్ గడ్డ ఉన్నదన్నరు. మందులకు తగ్గినట్టే తగ్గి, గడ్డ మళ్ల పెరిగింది.

అప్పుడు డాక్టరమ్మ బిడ్డకు మత్తిచ్చి, కంటి ముందు భాగం నుంచి చుక్క నీళ్లు తీసి పరీక్షకు పంపింది.

"గడ్డనే కొంచెం తీసి చూడొచ్చు కద మేడం?" అని అడిగిన.

"గడ్డని సూదితో పొడిస్తే రోగం కంటి బయటికి పాకొచ్చమ్మా. దాని జాడ ఈ నీళ్లలోనూ ఉంటుంది. అదెంత మొండిదో కొంత తెలుస్తుంది."

ఆమె ఎప్పుడూ మాకంటే ముందు బిడ్డతోనే మాట్లాడేది. "నీ కన్ను కాసేపు చూడనిస్తావా తల్లీ?" అనేది. పిల్ల తల ఊపేదాక లైటు వెయ్యకపోయేది.

ఫలితం వచ్చిననాడు మా పక్కనే బెంచీ మీద కూర్చున్నది.

"నీళ్లు మంచి మాట చెప్పలేదండి. నేను కంట్లో చూసిందీ అదే. కన్ను తీసేద్దాం. పాపని దక్కించుకుందాం."

మా ఆయన చేతులు జోడించిండు. "ఆడపిల్ల మేడం... ఇంకొక్కసారి మందు పెట్టి చూడుండ్రి."

ఆమె ఆ చేతులు విడదీసి తన చేతుల్లకు తీసుకున్నది. "కన్ను కోసం ఆగితే పాపే పోతుందేమోనని నా భయమండి. లేని ఆశ నేను చూపించలేను."

ఆపరేషన్ అయినంక బిడ్డ కట్టుతోని ఏడ్చి ఏడ్చి, ఆమె మెడ పట్టుకుని భుజం మీదనే నిద్రపోయింది. దించితే లేస్తదని, ఆమె అట్లనే వార్డంతా తిరుగుకుంట మిగతా పిల్లలను చూసింది.

ఇప్పుడు నా బిడ్డ బడికి పోతున్నది, అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నది. చివరిచూపుకు తీసుకపోతే, పెట్టె దగ్గర నిలబడి మెల్లగ అడిగింది: "ఇగ నా కన్ను ఎవరు చూస్తరమ్మా?"

నేను బిడ్డను దగ్గరికి తీసుకున్న.

మా వెనక చిన్న వయసు తల్లి ఒకామె చంటిదాన్ని ఎత్తుకుని నిలబడ్డది. ఆ పిల్ల కంట్ల నుంచి తీసిన చుక్క నీళ్లు కూడా పరీక్షకు పోయినయట, ఫలితం ఇంకా రాలేదట. చంటిది తల్లి భుజం మీది నుంచి వంగి, పూల మధ్యల ఉన్న డాక్టరమ్మ ముఖాన్ని చూసి, ఎత్తుకొమ్మని రెండు చేతులు చాపింది.