ఏడో ఫారం

తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని వచ్చి, దుకాణం షట్టర్ సగం ఎత్తి, వలీ రోజూ ఒక పేజీ రాసేవాడు. ఒక్కటే పేజీ. బోయిగూడ సందులో ఆయనది పరుపుల దుకాణం. దూది ఏకే మిషన్ తిప్పితే పక్కవాడి మాట కూడా వినపడదు. గాలిలోకి లేచిన దూది కాగితం మీద, కళ్లజోడు మీద, కలం ముక్కు మీద వాలుతుంది. అందుకే రాత పని మిషన్ నిద్ర లేవకముందే కావాలి. దూది బస్తా మీద కూర్చుని, ఒళ్లో చెక్క పెట్టుకుని, బిస్మిల్లా అనుకుని మొదలుపెడితే పేజీ అడుగుకు రాగానే ఆపేసేవాడు. మాట మధ్యలో ఉన్నా సరే. "మిగిలింది రేపటి ముద్ద. ఇయ్యాల్నే తింటే ఎట్ల?" అనేవాడు.

ఎదుటి ఇడ్లీ బండి దేవమ్మ ఆ వేళలో ఆయన్ని పిలవదు. రెండు ఇడ్లీలు పళ్లెంలో పెట్టి, మీద ఇంకో పళ్లెం బోర్లించి, చప్పుడు కాకుండా షట్టర్ కింద నుంచి లోపలికి జరిపి పోతుంది. సదువుకున్నోళ్లు రాస్తుంటే పిలవద్దని ఆమె నమ్మకం. తాను చదివింది ఊళ్లో ఏడో తరగతి దాకానేనని వలీ ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినదు.

ఇట్లా ఇరవై రెండేళ్లు గడిచాయి. పత్రికలకు పంపితే మూడు కథలు అచ్చయ్యాయి. పుస్తకం వేస్తారేమోనని ఒక ప్రచురణకర్త దగ్గరికి పోతే, ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి, "కథలు బాగున్నాయి. ఈ దువాలు, ఫాతెహాలు తీసేస్తే అందరికీ అర్థమవుతాయి" అన్నాడు. "పరుపుల దూది తీస్తే మిగిలేది గలీబే కద సార్" అని నవ్వి, వలీ కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వచ్చేశాడు. తానే వేసుకుందామని ఆ రోజే అనుకున్నాడు.

రెండు సందుల అవతల చిన్న ప్రెస్సు ఉంది. యోగిత నడుపుతుంది. ఆయన చేతిరాతంతా ఆమే కూర్చుని టైపు చేసింది. ప్రూఫులు ఇచ్చేటప్పుడు ఎవరూ అడగకుండానే అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది. పెద్ద కాగితం మీద ఒకేసారి పదహారు పేజీలు పడతాయని, దాన్ని ఫారం అంటారని ఆయనకు నేర్పింది ఆమే. ఆయన పుస్తకం తొమ్మిది ఫారాలు. మూడు వందల ప్రతులు. ఆదివారం గ్రంథాలయం హాల్లో సభ. పిలుపు కార్డులు పంచేశారు.

ఆ బుధవారం ఉదయం మాత్రం వలీ రాయలేదు. చెక్క ఒళ్లో ఉంది, కలం చేతిలో ఉంది. పేజీ తెల్లగానే ఉంది. దేవమ్మ జరిపిన పళ్లెం కూడా తెరవలేదు. పదకొండింటికి యోగిత ఫోను చేసింది.

"చాచా, నాలుగు ఫారాలు ఐపోయినయ్. ఐదోది నడుస్తున్నది. రెండింటికల్ల ఏడోది ఎక్కిస్తా. ఆ అక్క కథ ఉన్నది గదే కద? నిన్న మళ్ల చదివిన. నాకు నిద్ర పట్టలే."

"ఎక్కియ్యి బిడ్డా" అన్నాడు వలీ.

ఆ కథలోని అక్క వలీ సొంత అక్కే, పేరు లతీఫున్నీసా. కార్ఖానా బస్తీలో కొడుకు దగ్గర ఉంటుంది. రేపు తెల్లవారి ఉమ్రాకు, మక్కా మదీనా యాత్రకు, ప్రయాణం, పదిహేను రోజులు. పన్నెండేళ్ల కింద, భర్త పోయిన నలభయ్యో రోజున, చాలీస్వా ఫాతెహా అయిన నాడు, వంటగది గడప మీద కూర్చుని తమ్ముడికి ఒక మాట చెప్పింది. "నీ కడుపుల పెట్టుకో వలీ, ఎవరికీ చెప్పకు" అంది. ఆయన సరేనన్నాడు. మర్నాడు ఫజర్ తర్వాత చెక్క ఒళ్లో పెట్టుకుని అదే రాశాడు. పదకొండు రోజులు, పదకొండు పేజీలు. ఆయన రాసినవాటిలో అంత నిజంగా వచ్చింది ఇంకోటి లేదు. అందులో అక్క పేరు మార్చాడు. ఊరి పేరు, నాయిన జ్వరం, ఆయన మూలకు పెట్టిన దూదేకే విల్లు, ఇవేవీ మార్చలేకపోయాడు. ఆదివారం సభకు అక్క కొడుకు వస్తాడు, కోడలు వస్తుంది, వియ్యంకులు వస్తారు. అక్క ఒక్కతే ఉండదు. ఆ ఆదివారమే ఎందుకు ఎంచుకున్నావని ఎవరన్నా అడిగితే హాలు ఆ రోజే దొరికిందని చెప్పేవాడు. తనను తాను మాత్రం ఆ ప్రశ్న అడుక్కోలేదు.

పన్నెండున్నరకు ఆటో ఆగింది. లతీఫున్నీసా దిగింది. వలీ చెక్క మీద ఉన్న ప్రూఫు కాగితాలను గబగబా బస్తా కిందికి తోశాడు.

"ఏందీ తమ్ముడూ, దుకాణం తెరిచి మిషన్ బంద్ పెట్టినవ్? దూదికి సుత సెలవిచ్చినవా?" అంటూ ఆమె వచ్చి ఆ బస్తా మీదనే కూర్చుంది. కాస్త ఊపిరి తీసుకుంది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, తమ్ముడి రెండు చేతులూ పట్టుకుంది.

"పోతున్న వలీ. కహా సునా మాఫ్ చెయ్. అన్నదీ విన్నదీ అంతా."

ఉమ్రాకు, హజ్జుకు పోయేవాళ్లు అందరినీ అడిగే మాటే అది. అందరూ "మాఫ్, మాఫ్" అనేసి చేతులు ఊపే మాట. వలీ ఆమె కూర్చున్న బస్తా వైపు చూశాడు.

"నిన్ను ఒక్కటి ఎక్కువ అడగాలె" అంది ఆమె మెల్లగా. "ఆ బియ్యం నువ్వు సుత తిన్నవ్. ఏడేండ్ల పోరడివి. అబద్ధం చెప్పి తెచ్చిన బియ్యం నీకు తినిపించిన. అది మాఫ్ చెయ్."

ఆ కరువు ఏడాది రంజాన్‌కు నాయిన జ్వరంతో పడి ఉన్నాడు. పన్నెండేళ్ల అక్క ఎవరికీ చెప్పకుండా మూడు కోసుల దూరం నడిచి, తెలిసినవాళ్లు ఉండరనుకున్న ఊళ్లో ఇంటింటికీ పోయి, పండగకు పేదలకిచ్చే ఫిత్రా గింజలు అడిగింది. ఒక అరుగు మీద ఒక పెద్దమ్మ "మీ నాయినేం జేస్తడు బిడ్డా?" అని అడిగితే "నాయిన లేడు" అంది. బియ్యం వచ్చాయి. పండగ గడిచింది. పద్దెనిమిదో రోజున నాయిన నిజంగానే పోయాడు. తన నోటి మాటే పైకి పోయి నాయినను తీసుకుపోయిందని ఆమె ఇన్నేళ్లూ అనుకుంది. గడప మీద కూర్చుని చెప్పింది అదే.

"అక్కా" అన్నాడు వలీ. "నువ్వు మాఫ్ అడగకు. నేను అడగాలె."

"నువ్వేం జేసినవ్?"

"నువ్వు కూసున్న బస్తా కింద ఉన్నది, తియ్యి."

ఆమె వంగి కాగితాలు తీసింది. ఆమెకు చదవడం రాదు. వరసగా కూర్చున్న నల్లటి అక్షరాలను, తమ్ముడి ముఖాన్ని మార్చి మార్చి చూసింది. వలీ అంతా చెప్పాడు. ఇప్పుడు ప్రెస్సులో మిషన్ నడుస్తున్నదని, రెండు గంటలకు ఈ కథే దాని మీదికి ఎక్కుతుందని కూడా చెప్పాడు. గోడ గడియారం ఒంటిగంటకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తున్నది.

"నా పేరు పెట్టినవా?"

"పేరు మార్చిన."

"ఊరు?"

"మార్చలే."

"నాయిన జ్వరం?"

"అదీ ఉన్నదక్కా."

"మరి పేరెందుకు మార్చినవ్రా? ఊరంత చూస్తుంటే దొంగ మూతికి రుమాలు కట్టుకున్నట్టు." ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది ఆయనకు. "నేనుండని ఆదివారం చూసుకొని పెట్టుకున్నవ్ గదా సభ?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. కాదనడానికి నోరు తెరిచాడు, కాని అప్పుడే పక్క మసీదులో మధ్యాహ్నపు జొహర్ అజాన్ మొదలైంది. అజాన్ వినపడుతుంటే అబద్ధం రాలేదు.

"అవునక్కా" అన్నాడు.

అజాన్ ముగిసింది. తర్వాత లతీఫున్నీసా కాగితాలు ఆయన ఒళ్లో పెట్టింది. "చదువు. నా కథ నేను ఇనద్దా?"

వలీ చదివాడు. పదకొండు పేజీలు. ఆమె కళ్లు మూసుకుని, చేతిలోని జపమాల, తస్బీ, పూసలు జరపకుండా పట్టుకుని వింది. ఆయన ఆపగానే కళ్లు తెరిచింది.

"బాగ రాసినవ్. మరి ఆమె సలామ్ ఏది?"

"ఏ సలామ్?"

"అరుగు మీది పెద్దమ్మది."

"నువ్వు చెప్పలే కదక్కా!"

లతీఫున్నీసా తన చేతులవైపు చూసుకుంది. "చెప్పలేదా? నీకు సుత చెప్పలేదా నేను?" అని తనలో తాను అనుకుంది. తర్వాత చెప్పింది.

"నాయిన లేడన్న గదా. అరుగు మీద ఇంకో నలుగురు ఆడోళ్లు ఉన్నరు. ఆమె ఏం మాట్లాడలే. నా కొంగుల బియ్యం పోసి, ముడి తానే ఏసింది. ఏస్తూ, నా చెవిల ఒక్కదానికే ఇనపడేటట్టు, 'మీ నాయినకు నా సలామ్ చెప్పు బిడ్డా. నిరుడు మా పరుపు మస్తు ఏకిండు' అన్నది. ఆమెకు మనం తెలుసు, వలీ. ఎరికుండే పోసింది. ఆ నలుగురి ముంగట నన్ను నవ్వులపాలు చెయ్యలే. నేను ఎనక్కి చూడకుంట ఉరికిన."

"నాయినకు చెప్పినవా?"

"ఎట్ల చెప్తా? చెప్తే అడుక్కున్నది తెలుస్తది. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. పద్దెనిమిది రోజులు." ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. "సలామ్ అమానత్ రా తమ్ముడూ. ఎవరిదన్న మన చేతికిస్తే చేర్చాలె. యాభై ఏండ్లు నా కాడనే పడున్నది. ఇప్పుడు చూడు, బస్తీ అంతా మదీనాల ప్రవక్తకు మా సలామ్ చెప్పు, మా సలామ్ చెప్పు అంటున్నరు. ఒక్క సలామ్ మోయలేనిదానికి ఎన్ని మోపుతున్నరో!"

వలీకి ఇరవై రెండేళ్లు రాసిన పేజీలన్నీ ఒక్కసారి తేలికైపోయినట్టు అనిపించింది. తాను రాసిన కథలో ఆ పెద్దమ్మ గింజలు పోసి లోపలికి పోయింది, అంతే. అసలు మనిషి ఆమె. ఆమే లేదు.

"ఆమె గురించి రాస్త అక్కా. ఒప్పుకుంటవా?"

"ఇప్పుడు అడగకు. ముందు అక్కడికి పోయి అల్లా ముంగట నేను చెప్పుకోవాలె, ఆ సలామ్ నాయినకు చేర్చమని అడగాలె. ఆయనకు చెప్పకముందే ఆదివారం హాల్లో నలుగురికి నువ్వు చెప్తే, నేను ఏం మొఖం పెట్టుకొని నిలవడ్తా? వచ్చినంక చెప్త. ఔనంటనో కాదంటనో నాకే తెల్వదు. వచ్చినంక."

గడియారం ఒకటీ యాభై.

వలీ ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మిషన్ చప్పుడులో వినపడదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పుల్లో ఒకటి దొరికింది, ఒకటి దొరకలేదు.

"పో అన్నా, దుకాణం నేను చూస్త" అంది దేవమ్మ బండి దగ్గర నుంచి. ఆమెకు సంగతి తెలియదు. ముఖం చూసింది, అంతే. తన చెప్పులు విడిచి ఆయన ముందుకు జరిపింది.

ఆడమనిషి చెప్పులు వేసుకుని, యాభై ఏడేళ్ల మనిషి బోయిగూడ సందులో ఉరికాడు. నీళ్ల ట్యాంకర్ అడ్డం నిలబడి ఉంది. గోడకు వీపు ఆనించి, పక్కకు పాకినట్టు దాటాడు. ప్రెస్సు మెట్లు దిగేటప్పటికి మిషన్ ఆగి ఉంది. ఏడోది కూడా ఐపోయిందనుకున్నాడు. బల్ల మీద తడి సిరాతో తాజా కాగితాలు దొంతరగా ఉన్నాయి. మొదటిదాన్ని ఎత్తి చూశాడు. తొంభై ఆరో పేజీ కనిపించింది. ఆరో ఫారం.

యోగిత ఏడో ఫారం ప్లేటును రెండు చేతులతో పట్టుకుని మిషన్ వైపు వంగి ఉంది.

"ఆగు బిడ్డా!"

ఆమె తిరిగి చూసింది. ముందు ఆయన ముఖం చూసింది, తర్వాత కాళ్లకున్న చెప్పులు చూసింది. "ఏమైంది చాచా? గిప్పుడు తప్పులు దొరికినయా?"

"తప్పు నాదే. అది మా అక్కదే, ఆమెను అడగకుంట రాసిన. ఆమె రేపు ఉమ్రాకు పోయి, వచ్చినంక ఔనో కాదో చెప్తది. మనిషిని ఒకామెను వదిలేసిన."

"ఇప్పుడెట్ల? బైండింగుకు రెండు రోజులు పడ్తది. ఆదివారం సభ ఉన్నది. కార్డులు పంచినం గదా! మీ అక్క వచ్చేదెప్పుడు?"

"పదిహేను రోజులకు."

"వచ్చి వద్దంటే?"

"ఆ పదహారు పేజీలు ఇంకోటి రాస్త. రోజుకొక్కటే రాస్తనని నీకు తెలుసు. ఇయ్యాల్టిది ఇంక తెల్లగనే ఉన్నది."

యోగిత ప్లేటు దించలేదు. నుదుటి మీద సిరా మరక, దాని కింద కోపం. కాగితాలు నిలవ పెట్టడానికి ఆ గదిలో అడుగు జాగా కూడా లేదని ఇద్దరికీ తెలుసు. మెట్ల మీద కూడా వేరేవాళ్ల పుస్తకాలే ఉన్నాయి. ఆ ప్రచురణకర్త దగ్గరికి ఒక్కసారి పోవడం తప్ప, తన పుస్తకం కోసం ఈ ఇరవై రెండేళ్లలో వలీ ఎవరినీ ఏదీ అడగలేదు.

"యోగితమ్మా, సభ లేదని అందరికీ నేనే చెప్పుకుంట. నువ్వు నాకొక్క మేలు చెయ్యి. ఏడో ఫారం వదిలిపెట్టి ఎనిమిదోది ఎక్కియ్యి. అచ్చయినయన్ని నీ కాడ ఏదో ఒక మూలకు జెర జాగ ఇచ్చి ఉంచు, మా అక్క సలామ్ చేర్చి వచ్చేదాక."