ఎనభై ఐదుకు పది

మా బావ లక్ష్మీరాజం నిలబడే అన్నం తినేవాడు. కంచం చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతూ నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడుక్కునేవాడు. ఇరవై రెండేళ్లు సాంచాల, అంటే మరమగ్గాల, వరసల మధ్య నడిచిన మనిషి. కాళ్లు ఆగేవి కావు. సిరిసిల్ల పక్క ఊరి నుంచి పదహారో ఏట సూరత్ వచ్చి అమ్రోలిలో ఒక మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. 2021 ఏప్రిల్‌లో, ఆసుపత్రిలో మంచం దొరికిన రెండో రోజున పోయాడు. ముఖం చూపించలేదు మాకు. అందుకేనేమో, నాకు అతను ఎప్పుడూ అంతకుముందు ఏడాది ఆగస్టులోనే కనిపిస్తాడు, ఒక లెక్క పట్టుకుని తిరుగుతూ.

ఆ ఏడు బావ, మా జమునక్కల కూతురు రుచిత గుజరాత్ బోర్డులో పదో తరగతి పాసయింది. ఆరు వందలకు నాలుగు వందల అరవై ఎనిమిది, అంటే డెబ్భై ఎనిమిది శాతం. లాక్‌డౌన్ సడలి సాంచాలు మళ్లీ కదిలాక, అక్కకు ఇంటి దగ్గర చేసే చీరల పని వచ్చింది. రుచిత కూడా పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అంటించసాగింది. ఆ పిల్ల చేతి వేగం చూసి ఇరుగుపొరుగు మెచ్చుకుంటే బావ గుమ్మం దాటి వీధిలోకి వెళ్లిపోయేవాడు.

"గింత మంచిగ అంటిస్తే ఇగ బడికేం పోతదిరా" అన్నాడు నాతో.

వరంగల్ వైపు ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీ ఒకటి, వలస వెళ్లినవాళ్ల పిల్లలకు ఇంటర్‌లో కొన్ని సీట్లు పెట్టింది. ఫీజు లేదు, హాస్టల్ ఉంది. దరఖాస్తులో ఒక గడి మాత్రం మమ్మల్ని ఆపింది. జీపీఏ ఎంత, పదికి? రుచిత మార్కుల కాగితంలో అది లేదు.

జిరాక్స్ షాపు దేవదాస్ పదితో భాగించమన్నాడు. ఏడు పాయింట్ ఎనిమిది వచ్చింది. సెంట్రల్ బోర్డులో చదివిన పక్క గల్లీ సురేశ్ తొమ్మిదిన్నరతో భాగించాలన్నాడు. ఎనిమిది పాయింట్ రెండు. తెలంగాణలో ఆ ఏడు పరీక్షలు ఆపేసి, బడి మార్కులతోనే గ్రేడ్లు ఇచ్చారు. మా వాడలోనే ఇద్దరికి పదికి పది వచ్చిందని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అది విన్న దగ్గర్నుంచి బావ కుదురుగా ఉండలేదు. వీధి చివరిదాకా వెళ్లడం, రావడం, మాస్కు లాక్కుని మళ్లీ వెళ్లడం.

రెండు రోజుల తర్వాత, టీ తాగుతూ, దరఖాస్తు పంపేశానని చెప్పాడు.

"ఎంత ఏసినవ్ బావా?"

"తొమ్మిది పాయింట్ రెండు."

"ఏడికెళ్లి వచ్చింది అది?"

"నీ రిజిస్టర్ల కెళ్లే. ఎనభై ఐదుకు పది అయితే డెబ్భై ఎనిమిదికి ఎంత? రాసేటోనివి, నువ్వే చెప్పు."

కార్ఖానాలో ఏ సాంచా ఎంత శాతం నడిచిందో రిజిస్టర్‌లో రాసేది నేనే. పోగు తెగుతుంది, నూలు కండె మార్చాలి, కరెంటు పోతుంది. ఏదీ వంద నడవదు. ఎనభై ఐదు నడిస్తే మా శేఠ్ లెక్కలో పూర్తిగా నడిచినట్టే. ఇరవై రెండేళ్లుగా బావ పనికి కొలత అదే.

"అది సాంచాది బావా. పిల్ల సాంచానా?"

"వందకు వంద ఎవనికొస్తయ్‌రా? సాంచాకే రాకపాయె, మనిషికొస్తయా?"

నాకు నవ్వు వచ్చింది. ఇద్దరం ఇంటికి వెళ్లి చెబితే రుచిత నవ్వలేదు. ఫోన్‌లో ఆ దరఖాస్తు నిబంధనలు తెరిచి చివరి పేజీ చూపించింది.

"టేబుల్ ఇచ్చిండ్రు కదా బాపు, దేఖా నహీ? ఒక్కొక్క సబ్జెక్టుకు పాయింట్లు ఏసి కలపాలె. తప్పు ఏస్తే దరఖాస్తే తీసేస్తరంట."

తొంభై ఒకటి నుంచి పది, ఎనభై ఒకటికి తొమ్మిది, డెబ్భై ఒకటికి ఎనిమిది, అరవై ఒకటికి ఏడు. అక్క చీరలు పక్కకు జరిపింది. నేల మీద కూర్చుని రాశాం. తెలుగు ఎనభై రెండు, తొమ్మిది. గుజరాతీ తొంభై ఒకటి, పది. ఇంగ్లిష్ ఎనభై ఒకటి, తొమ్మిది. సైన్స్ డెబ్భై నాలుగు, సోషల్ డెబ్భై ఒకటి, రెండింటికీ ఎనిమిదేసి. లెక్కలు అరవై తొమ్మిది, ఏడు. మొత్తం యాభై ఒకటి. ఆరుతో భాగిస్తే ఎనిమిదిన్నర.

"లెక్కలల్ల ఇంకో రెండు మార్కులొస్తే ఏం బోయె" అన్నాడు బావ, నిలబడే.

"పిల్లది సరే, నువ్వు చేసిన లెక్క జూడు ముందు" అంది అక్క.

దిద్దుకోవడానికి మర్నాడు సాయంత్రం ఐదు దాకా గడువు ఉంది. బావ మాత్రం ఊగిసలాడాడు. "పంపింది పంపిన. వేల కాయితాలల్ల ఎవడు చూస్తడు? ఎనిమిదిన్నరకు సీటు రాకపోతే?"

"తొమ్మిది పాయింట్ రెండు నాది గాదు బాపు" అంది రుచిత. "వాళ్లు అడిగితే నేనేం చెప్పాలె?"

అతను మాస్కు లాక్కుని బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం సాంచాలు పక్కవాడికి అప్పజెప్పి నన్ను లాక్కెళ్లాడు. దరఖాస్తు పంపింది దేవదాస్ షాపు నుంచి కాబట్టి అందులో ఉన్న ఫోన్ నంబరు అతనిదే. దిద్దాలంటే ఓటీపీ అతనికే వస్తుంది. అతని గల్లీలో కరోనా కేసులు వచ్చాయని అడ్డంగా వెదురు కట్టేశారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బావ వెదురు పట్టుకుని దేవదాస్ ఉండే మేడ మీదికి చూస్తూ పిలిచాడు. కాపలా ఉన్న హోంగార్డు కర్రతో దూరం జరగమన్నాడు. ఆరడుగులు జరిగి మళ్లీ పిలిచాడు. నాలుగున్నరకు దేవదాస్ నిద్ర మొహంతో పిట్టగోడ దగ్గరికి వచ్చాడు.

"ఏంది లక్ష్మీరాజం, గల్లీ మొత్తం లేస్తున్నది."

"ఓటీపీ వస్తది, జర జూసి చెప్పు. తొమ్మిది పాయింట్ రెండు తీసేస్తున్న."

"నేను చెప్తే ఇన్నవా ఆ రోజు?"

"నువ్వు చెప్పింది గూడ తప్పేరా. చెప్పు ముందు."

పైనుంచి ఒక్కొక్క అంకె అరిచి చెప్పాడు. నా ఫోన్‌లో కొట్టాను. ఐదుకు పది నిమిషాల ముందు ఎనిమిదిన్నర పడింది. ఆ రాత్రి, ఆ నెల, బావ నన్ను అడిగింది ఒక్కటే: ఎనిమిదిన్నర చాలుతదారా?

అక్టోబరులో కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. రుచిత పేరు జాబితాలో ఉంది, కాగితాలు సరిచూడాలి. ఆ ఏడు అదంతా ఫోన్‌లోనే. సాంచాల చప్పుడులో వినబడక, బావ నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్లి స్పీకర్ పెట్టమన్నాడు. మేం పంపిన ఫొటో చూసి గుమాస్తా ఒక్కొక్క సబ్జెక్టూ చదివాడు.

"ఎనిమిదిన్నర. మీరేసింది సరిపోయింది. సీటు వచ్చినట్టే."

నేను ఫోన్ పెట్టబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, జర ఇంకొక్కపారి కూడుండ్రి."

"సరిపోయిందని చెప్పిన గదయ్యా."

"మీరు కూడుండ్రి సార్, నేను వింట."

గుమాస్తా నిట్టూర్చి తెలుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. బావ ఒక్కో అంకెకూ తల ఊపుతూ, నేను పట్టుకున్న ఫోన్ చుట్టూ తిరుగుతూ విన్నాడు.

"యాభై ఒకటి" అన్నాడు గుమాస్తా.

"ఆరుతోని భాగించుండ్రి" అన్నాడు బావ.