కువైట్‌లో రోజూ పెళ్ళిళ్ళే

మా బావ ఇరాక్‌లో ఉన్నన్నాళ్ళూ మా అమ్మ కువైట్‌లో కొత్తగా పెళ్ళయిన దంపతుల కోసం ప్రార్థన చేసింది. అందులో అమ్మ తప్పేమీ లేదు. బావ కువైట్‌లో ఉన్నానన్నాడు, మేం నమ్మాం.

బావ అంటే మా అక్క భర్త. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. గరిటె పట్టుకుంటే ఎంత మంచి చెయ్యో, నోరు విప్పితే అంత కోతలరాయుడు. ఇరాక్‌లో పరాయి సైన్యం దిగి తిష్ఠ వేసిన రోజుల్లో, ఒక ఏజెంటు అతన్ని కువైట్‌లో పెద్ద హోటలని చెప్పి తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకే అక్కడి కంపెనీవాళ్ళు బస్సెక్కించి, సరిహద్దు దాటించి, ఆ సైన్యం క్యాంపు వంటశాలలో పడేశారు. ఆ సంగతి బావ మాకు చెప్పలేదు. నేనప్పుడు ఏలూరులో టీచరుగా చేస్తున్నాను. అమ్మ గూడెంలో అక్క దగ్గరే ఉండేది. సెలవొస్తే చాలు, నేనూ అక్కడే తేలేదాన్ని.

టీవీలో ఇరాక్ వార్తలు వచ్చినప్పుడల్లా అమ్మ నిట్టూర్చేది. పాపం ఆ జనం ఎలా బతుకుతున్నారో, దేవుడి దయవల్ల మన అల్లుడు కువైట్‌లో ఉన్నాడు అనేది. బావ వారానికోసారి ఫోన్ చేసేవాడు. మాట్లాడుతుండగా వెనకాల దభీమని మోత వినిపించేది. అదేంటని అక్క అడిగితే, పక్క వీధిలో పెళ్ళి, బాణసంచా కాలుస్తున్నారని చెప్పేవాడు. ఆ పై వారం మళ్ళీ మోత, మళ్ళీ పెళ్ళి. మనకు మంచి ముహూర్తాలున్న నెలల్లో కూడా అన్ని పెళ్ళిళ్ళు ఉండవు. అమ్మ మాత్రం మురిసిపోయి, ఆ దేశంలో పిల్లలకు సంబంధాలు ఎంత తొందరగా కుదురుతున్నాయో అని ఆశ్చర్యపడేది. రాత్రి కుటుంబ ప్రార్థనలో బావ పేరు తర్వాత కువైట్ నూతన దంపతుల వంతు వచ్చేది. వాళ్ళ కాపురాలు చల్లగా ఉండాలని అమ్మ కళ్ళు మూసుకుని వేడుకుంటుంటే నేను కూడా ఆమేన్ అనేదాన్ని.

పట్టుకున్నది అక్కే. బావ బస్సులో వెళ్తూ ఏ ఊళ్ళో పందిరి కనబడినా, కిటికీలోంచి గాలి పీల్చి ఏ కూర అడుగంటిందో చెప్పే మనిషి. ఇంటికొచ్చాక ఆ పెళ్ళి వంటవాణ్ణి అరగంట తిట్టేవాడు. అలాంటివాడు ఇన్ని నెలలుగా పెళ్ళిళ్ళ మధ్య ఉండి వంట గురించి ఒక్క మాట అనలేదు. ఒక శుక్రవారం మోత వినిపించగానే అక్క నిదానంగా అడిగింది.

"మెనూ ఏంటండీ?"

బావ గొంతు సన్నగా వచ్చింది.

"అన్నం... కూర."

అక్క ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. ఈయన కువైట్‌లో లేరే అంది నాతో. పై వారం గట్టిగా అడిగితే బావ ఒప్పుకున్నాడు. అక్క ఏడ్చింది, నేను తిట్టాను. అమ్మ మాత్రం అయితే ఆ పెళ్ళిళ్ళన్నీ అబద్ధమా అని చిన్నబుచ్చుకుంది. రెండు రోజులు ఆలోచించి, ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి పెళ్ళి అయ్యే ఉంటుందని సర్దిచెప్పుకుని ప్రార్థన కొనసాగించింది.

చివరికి బావ సెలవు మీద వచ్చాడు. సెలవు అయ్యాక మళ్ళీ వెళ్ళాలి, ఏజెంటు టికెట్ సంగతి ఫోన్ చేసి చెబుతాడు. అక్కకు తిండి సయించలేదు, ఒకటే ధ్యాస: ఈయన మళ్ళీ వెళ్ళకూడదు. బావను అడిగితే వెళ్తాననడు, మానేస్తాననడు. చూద్దాంలే అంటాడు. ఆ చూద్దాంలే వింటే నాకు ఒళ్ళు మండేది.

పైగా వచ్చిన మర్నాటి నుంచే ఇంటికి క్యాంపు చట్టం వచ్చింది. వీధి గేటు ముందు రెండు పాత డ్రమ్ములు అడ్డంగా పెట్టాడు. మోటారు సైకిళ్ళు తిన్నగా దూసుకురాకుండా వంకర తిరిగి రావాలట. పొద్దున్నే వచ్చిన పాలవాణ్ణి ఇంజను ఆపమని, దూరంగా నిలబడమని చెప్పి, క్యాను మూతలన్నీ తీయించాడు. పుల్లతో కెలికి చూశాడు. పాలవాడికి చెమటలు పట్టాయి. వీళ్ళ అల్లుడు ఫారిన్‌లో పాలు పరీక్ష చేసే ఉద్యోగం చేసొచ్చాడని వీధంతా చెప్పాడు. ఆ మర్నాటి నుంచి మా ఇంటికి పాలు చిక్కగా వచ్చాయి. పక్కింటావిడ వచ్చి, మా గేటు దగ్గర కూడా ఒక పూట నిలబడండి అన్నయ్యగారూ అని బతిమాలింది.

పాస్టరుగారి రాక మరీ ఘోరం. బావ ఆయన్ని గుమ్మంలో ఆపి, చేతులు పైకెత్తండి అయ్యగారూ అన్నాడు, జేబులు తడమడానికి. ఎంతో కాలం తర్వాత ప్రాణాలతో ఇల్లు చేరిన మనిషి కదా, స్తుతి ప్రార్థన చేయమంటున్నాడని ఆయన అనుకున్నారు. చేతులెత్తి, కళ్ళు మూసుకుని, గట్టిగా మొదలుపెట్టారు. అమ్మ పరుగెత్తుకొచ్చి ముసుగు వేసుకుంది. ప్రార్థనలో ఉన్న మనిషి జేబుల్లో చేయి పెట్టడం ఎలాగో క్యాంపులో నేర్పలేదు కాబోలు, బావ కూడా తల వంచుకుని నిలబడ్డాడు. ఆ ప్రార్థన పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా సాగింది.

సాయంత్రాలు వాకిట్లో జనం చేరేవారు, బావ కథల కోసం. అన్నిటికంటే సైరన్ కథకు గిరాకీ. క్యాంపు మీద బాంబు పడబోతుంటే సైరన్ మోగుతుంది. మోగగానే ఎక్కడివాళ్ళక్కడ బోర్లా పడి, తల మీద చేతులు పెట్టుకోవాలి. మైకులో ఆల్ క్లియర్ అని చెప్పేదాకా లేవకూడదు, పొయ్యి మీద ఏది మాడినా సరే. బావ అరుగు మీద నిజంగా పడుకుని చేసి చూపించేవాడు. బోర్లా పడ్డ పెద్ద ఆఫీసరు వాసన చూసి, ఆమ్లెట్ తిరగెయ్యమని నేల మీంచే కేకలేశాడట. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. అక్క ఒక్కతే నవ్వేది కాదు. గుమ్మానికి ఆనుకుని అతన్నే చూస్తుండేది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క అడిగింది, ఆ పెళ్ళిళ్ళలో ఒక్కటైనా నిజమా అని. బావ ముద్ద కలపడం ఆపాడు. ఒకటి నిజమేనన్నాడు.

గిన్నెలు తోమడానికి ఆ ఊరి పెద్దాయన ఒకడు రోజూ క్యాంపుకి వచ్చేవాడట. ఒక గేటు దగ్గర చొక్కా ఎత్తి చూపించాలి, ఇంకో గేటు దగ్గర కుక్క వాసన చూస్తుంది, ఆ పైన మెడలో కార్డు తిప్పి చూపించాలి. ఎక్కడినుంచో వచ్చిన కుర్రాళ్ళు, పుట్టిన ఊళ్ళో అతన్ని ఎవరు నువ్వు అని అడుగుతారు. సైన్యం దగ్గర పనిచేస్తున్నానని వీధిలో తెలిస్తే దానిమీద పోరాడేవాళ్ళు బతకనివ్వరు. అందుకని ఇటుక బట్టీలో పని అని చెప్పుకుని, ఇంటికెళ్ళే ముందు చొక్కాకి ఎర్రమట్టి పూసుకునేవాడు. నేనూ ఇంట్లో కువైట్ అని చెప్పాను అని బావ సైగలతో చెబితే, ఆయన పడీ పడీ నవ్వి, మట్టి చేత్తోనే చెయ్యి కలిపాడట. వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరింది. చీకటి పడితే ఎవరూ వీధిలో కనబడకూడదు కాబట్టి పెళ్ళి మధ్యాహ్నానికల్లా ముగించాలి. బావ ఒక పెద్ద గిన్నెడు తీపి వండి పంపుతానన్నాడు. క్యాంపు గేటు దాటి మెతుకు కూడా బయటికి పోకూడదన్నారు.

"పెళ్ళికి నేను వండలేదే. అంత దగ్గర్లో ఉండి," అన్నాడు బావ.

పెళ్ళయిన వారానికి ఆ పెద్దాయన రావడం మానేశాడు. ఏమయ్యాడో చెప్పినవాడు లేడు, అడిగే వీలూ లేదు. బావ ఆ కథకి ఎక్కడా నవ్వలేదు. అక్క లేచి అతని కంచంలో పెరుగు వేసింది.

మర్నాడే అక్క మా బాబాయికి కబురు పెట్టింది. బాబాయికి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. చెరువు పక్కన రోడ్డు మీద రేకుల షెడ్డొకటి ఖాళీగా ఉంది. ఐస్ లారీల డ్రైవర్లు, చేపలు పట్టే కూలీలు భోజనానికి కైకలూరు దాకా పోతున్నారు. అక్కడ బావ చేత భోజనం హోటల్ పెట్టించాలని అక్క పన్నాగం. షెడ్డు చూడ్డానికి అందరం వెళ్ళాం. అక్క మంచి పట్టుచీర కట్టుకుని, క్యారియర్ నిండా వండుకుని తెచ్చింది. బావ షెడ్డు చుట్టూ తిరిగి, పొయ్యి ఈ మూల, బల్లలు ఆ మూల అని తనంతట తనే మొదలుపెట్టాడు. అక్క మొహం విచ్చుకుంది. చెరువు గట్టు మీద నడుస్తూ ఇద్దరూ కొరమేనుల గురించి మాట్లాడుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే నీటికాకుల గుంపొకటి చెరువు మీద దిగింది. అవి చేపల్ని మింగేస్తాయి. వాటిని బెదరగొట్టడానికి కాపలా మనిషి ఔటు బాంబు ఒకటి ముట్టించాడు, బాణసంచాలో కాల్చేలాంటిదే. అది అక్కడ రోజూ జరిగే పనే. ఢామ్మని పేలింది.

చూస్తే బావ గట్టు మీద బోర్లా పడి ఉన్నాడు, తల మీద చేతులు పెట్టుకుని. అరుగు మీద చేసి చూపించే వేషమే కదా అని నేను గట్టిగా నవ్వాను. కాపలా మనిషి నవ్వాడు. బాబాయి కూడా నవ్వి, లేవయ్యా, కాకుల కోసం కాల్చాడు అన్నాడు. బావ లేవలేదు. బుగ్గ బురదలో ఆనించి ఉంది. వీపు వణుకుతోంది. అప్పుడు మా నవ్వులు ఆగిపోయాయి.

అక్క క్యారియర్ కింద పెట్టింది. పట్టుచీరతోనే వెళ్ళి, ఆ బురదలో అతని పక్కన బోర్లా పడుకుంది. అతను చూపించినట్టే తల మీద చేతులు పెట్టుకుంది.

"ఏవండీ, ఎంతసేపు పడుకోవాలండీ?"

"ఆల్ క్లియర్ చెప్పాలి," అన్నాడు బావ, కళ్ళు తెరవకుండా.

"ఎవరు చెప్పాలండీ?"

అక్క మోచేతుల మీద కొంచెం లేచి రోడ్డు వైపు చూసింది, షెడ్డు వైపు చూసింది, పైకి ఆకాశం వైపు కూడా చూసింది. ఎక్కడా తొందరపడలేదు.

"ఆల్ క్లియర్ అండీ."

"సరిగ్గా చూశావా?"

"చూశానండీ. కాకులు తప్ప ఎవరూ లేరు. లేవండి."

బావ లేచాడు. ఆమెకు చెయ్యి అందించి లేపాడు. ఇద్దరూ ఇటుక బట్టీ నుంచి వస్తున్నవాళ్ళలా ఉన్నారు.

ఆ సాయంత్రమే ఏజెంటు ఫోన్ చేశాడు. చీర మార్చుకోకుండానే అక్క ఫోన్ ఎత్తింది. టికెట్ సిద్ధంగా ఉంది, ఎప్పుడు బయల్దేరుతున్నారని ఆయన అడుగుతున్నాడు. అక్క బావ వైపు చూసింది. బావ కుర్చీలో కూర్చుని మొహం మీది బురద తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. ఈసారి చూద్దాంలే అనలేదు. అడ్డంగా తలూపాడు.

"ఆయనకి కుదరదండీ. ఇక్కడ రోజూ పెళ్ళిళ్ళేనండీ, అస్సలు ఖాళీ లేదు," అంది అక్క.

ఈ నెలలో ముహూర్తాలెక్కడున్నాయని అటునుంచి ఏజెంటు వాదించాడు. మాకున్నాయండీ అని అక్క పెట్టేసింది. అమ్మ లోపల్నుంచి ఎవరి పెళ్ళి అని కేకేసింది.

"అబద్ధం బాగానే ఆడావు. వాడు మెనూ అడిగుంటే ఏం చెప్పేదానివే?" అన్నాడు బావ.

అక్క తడుముకోకుండా మొదలుపెట్టింది. పులిహోర, పూర్ణం బూరెలు, ముద్దపప్పు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు, అప్పడాలు, గడ్డపెరుగు. వింటూ వింటూ బావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అలా ఏడుస్తుంటే అతన్ని నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపటికి తువ్వాలు వెనకనుంచే మాట వచ్చింది.

"బూరెల్లోకి నెయ్యి చెప్పలేదు."