చెట్టు లేని రోజున పుట్టినవాడు

ఆ రోజుల్లో అమెరికాలో నాకు తెలిసినవాళ్ళలో సగం మందికి చెట్ల పేర్లుండేవి. మిగతా సగం మా ఆవిడ. (లెక్క కుదరలేదనిపిస్తే, ఆ ఊళ్ళో నా బలగం అంతేనని అర్థం చేసుకోండి.) ఒంటరితనం గురించి చాలామంది బరువుగా మాట్లాడతారు గాని, నా అనుభవంలో అది బరువైనది కాదు. రోజంతా ఒక్కరితోనూ మాట్లాడని మనిషి సాయంత్రం ఫోన్ ఎత్తి 'హలో' అన్నప్పుడు, తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఒకసారి దగ్గుకుంటాడు చూడండి, అంతే అది. ఆ దగ్గు నాకు ఒక ఏడాదిపాటు ఉండేది.

కొత్త శతాబ్దం మొదలై నాలుగైదేళ్ళయి ఉంటుంది. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కు మీద ఆరేళ్ళు పనిచేసి, పెళ్ళి చేసుకుని, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో దిగాను. మా ఆవిడ కార్ల విడిభాగాల ఇంజినీరు. నాది ఆమె వీసాకు తోకగా వచ్చిన వీసా. దాని మీద తినవచ్చు, పడుకోవచ్చు, మంచు చూడవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. ఆమెకు ఒహాయోలోని ఫ్యాక్టరీలో పని పడి, ఆదివారం సాయంత్రం వెళ్తే మళ్ళీ శుక్రవారం రాత్రికి వచ్చేది. "ఏమండీ, ఫ్రీజర్‌లో పప్పు పెట్టాను, మైక్రోవేవ్ చేసుకోండి. బోర్ కొడితే లైబ్రరీకి వెళ్ళండి. హీటింగ్ బాగుంటుంది" అని చెప్పి కారు ఎక్కేది. ఊళ్ళో తెలుగువాళ్ళు లేరా అంటే, బోలెడంతమంది ఉన్నారు. వారాంతం విందుల్లో కలిసేవాళ్ళం. "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగి, నా సమాధానం విని, మర్యాదగా సమోసాల వైపు తిరిగేవారు.

నాకు డ్రైవింగ్ రాదు కాబట్టి లైబ్రరీకి నడిచే వెళ్ళేవాణ్ణి. ఆ ఊళ్ళో నడిచే మనిషిని చూస్తే జనానికి కంగారు. కార్లు పక్కకు ఆపి, "అంతా ఓకేనా? రైడ్ కావాలా?" అని అడిగేవారు. వద్దని ఒక్క ముక్కలో చెప్పి పంపించేయవచ్చు. నేను మాత్రం ఏ ఊరో, ఏ ఉద్యోగమో అడిగి, వెనక కారు హారన్ కొట్టేదాకా నిలబెట్టేవాణ్ణి.

అలా ఒక అక్టోబరు చివర లైబ్రరీ గోడ మీద ఒక కాగితం కనిపించింది. కెల్టిక్ చెట్ల పంచాంగం, అందరికీ ఆహ్వానం, బిస్కెట్లు ఉంటాయి. పంచాంగం అనే మాట చూసి సగం, బిస్కెట్ల కోసం సగం లోపలికి వెళ్ళాను. ఏడెనిమిది మంది వృద్ధులు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. నడిపేది ఒక రిటైర్డ్ టీచరమ్మ, తాతముత్తాతలు ఐర్లండు వాళ్ళు. ఏడాదికి పదమూడు చాంద్రమాసాలట, మాసానికొక చెట్టు. ఎవరు ఏ మాసంలో పుడితే వాళ్ళది ఆ చెట్టు, దాని గుణమే వాళ్ళ గుణం. ఆవిడ ఏప్రిల్ చివర పుట్టింది కాబట్టి విల్లో. అక్కడ ఒకరినొకరు చెట్ల పేర్లతోనే పిలుచుకునేవారు. ఆవిడ నాకు విల్లో మామ్మ అయింది. ఆవిడ పక్కనే కూర్చునే పెద్దాయన జూన్‌లో పుట్టిన ఓక్. పనిముట్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు చేసి దిగిపోయినవాడు. ఓక్ తాత ప్రతి సమావేశంలోనూ ఒకసారి తప్పకుండా అనేవాడు: "ఇదేమీ అంత పాతది కాదు. పుస్తకాలు రాసేవాడెవడో కుర్చీలో కూర్చుని అల్లేశాడు. నేనొచ్చేది బిస్కెట్లకి."

"నువ్వెప్పుడు పుట్టావు, హనీ?" అని అడిగింది మామ్మ.

"డిసెంబర్ ఇరవై మూడు" అన్నాను.

మామ్మ పుస్తకం మూసి నా చేయి పట్టుకుంది. విషయమేమిటంటే, పదమూడు మాసాలకు ఇరవై ఎనిమిదేసి రోజులు పంచితే ఏడాదిలో ఒక్క రోజు మిగిలిపోతుంది. దానికి చెట్టు లేదు, పేరూ లేదు. సరిగ్గా అదే నేను చెప్పిన రోజు.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి మనవి చేయాలి. నేను ఆ రోజున పుట్టలేదు. అది పాస్‌పోర్టు తేదీ. నన్ను బళ్ళో చేర్చడానికి తీసుకెళ్ళింది మా పెదనాన్న. పుట్టినతేదీ చెప్పమని మాస్టారు అడిగితే, ఆయనకు జీవితంలో గుర్తున్న తేదీ ఒక్కటే, తాను రైల్వేలో ఉద్యోగంలో చేరిన రోజు. అదే చెప్పేశాడు. నేను అసలు పుట్టింది భాద్రపదంలో, వినాయక చవితి వెళ్ళిన మూడో నాడు. కాని వీసా కిటికీల ముందు నిలబడి నిలబడి నా నోటికి ఆ డిసెంబరు తేదీ ఒక్కటే అలవాటైపోయింది.

వెంటనే సర్దబోయాను. "అది నిజమైన తేదీ కాదండి. నా అసలు పుట్టినరోజు చంద్రుణ్ణి బట్టి వస్తుంది. ఏటా మారుతుంది. కొన్నేళ్ళు ఆగస్టులో, కొన్నేళ్ళు సెప్టెంబరులో."

"మారుతుందా?" అంది మామ్మ ఇంకా జాలిగా.

"మారుతుంది. మీ లెక్కన ఒక ఏడు హేజెల్ చెట్టునవుతాను, ఒక ఏడు ద్రాక్షతీగనవుతాను." (తీగ చెట్టెలా అయిందో నాకు తెలియదు. ఆ మాటకొస్తే అప్పుడు నడుస్తున్న మాసానికి వాళ్ళు పెట్టుకున్నది రెల్లు.) "అయినా మీది చాంద్రమానం అంటున్నారు, మరి మీ చంద్రుడు ఏటా అదే తేదీకి ఎలా వస్తాడండీ?"

ఓక్ తాత బిస్కెట్ గొంతుకడ్డం పడేలా నవ్వాడు. "నేను పదేళ్ళుగా అదే అడుగుతున్నాను" అన్నాడు. మామ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ లెక్కలో నేను పుట్టినరోజు ఎప్పుడో కూడా తెలియని కుర్రవాణ్ణి, తెలిసిన ఒక్క తేదీకీ చెట్టు లేదు. నేనెంత వివరిస్తే వాళ్ళ కళ్ళలో జాలి అంత చిక్కబడింది. చివరికి నన్ను హీటర్ పక్క కుర్చీలోకి మార్చి, బిస్కెట్ల పళ్ళెం నా ఒళ్ళో పెట్టారు. ఇక నేనూ ఊరుకున్నాను.

అయితే ఆ గుంపులో ఒక పద్ధతి ఉండేది. చెట్టు మారినప్పుడల్లా సమావేశం, ఆ చెట్టువాళ్ళదే ఆ రోజు మాట. వాళ్ళు చదివింది, విన్నది, జ్ఞాపకమున్నది ఎంతసేపైనా చెప్పవచ్చు, మిగతావాళ్ళు వినాలి. చెట్టు లేనివాడికి వంతు లేదు. నాకు కావలసింది బిస్కెట్లు కాదు, ఆ వంతు. రోజుకు నాలుగు పేజీలు నింపినవాణ్ణి, నా మాట ఒక మనిషి కూర్చుని విని ఎన్ని నెలలైందో. నవంబరు చివర ఎల్డర్ చెట్టు రోజున ఒకావిడ, దాని కొమ్మ కొట్టే ముందు చెట్టునే అనుమతి అడగాలని, అడగకపోతే అందులో ఉండే ముసలమ్మ పగబడుతుందని చెప్పింది. "మా అమ్మ కూడా తులసిదళం కోసేముందు దణ్ణం పెట్టుకుంటుంది. పొద్దుగూకాక అసలు ముట్టుకోదు" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. మామ్మ తన పంచాంగం తిరగేసి, "ఇరవై మూడున మా ఇంట్లో కలుద్దాం. ఆ రోజు నీది" అంది.

మూడు వారాలు నేను మనిషిని కాను. ఇంటర్నెట్‌లో రావి, మారేడు, జమ్మి, మేడి, ఇరవై ఏడు నక్షత్రాలకు ఇరవై ఏడు చెట్లు, అన్నీ ఏరి ఇంగ్లీషులో రాసుకుని అద్దం ముందు చదువుకున్నాను. ఫోన్‌లో మా ఆవిడకు వినిపిస్తే, "మీకు చెట్ల గురించి ఏం తెలుసండీ? బాల్కనీలో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోయడం మర్చిపోయి చంపేశారు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నేను ఆ టైమ్‌కి వచ్చేస్తాలెండి, వెనక కూర్చుంటాను" అంది.

ఆ రోజు పొద్దుటి నుంచీ మంచు. ఒహాయోలో రోడ్లు మూసేశారు, ఆమె హోటల్లోనే చిక్కుకుపోయింది. నేను మోకాలిలోతు మంచులో రెండు వీధులు దాటి మామ్మ ఇంటికి చేరేసరికి, ఓక్ తాత పారతో గుమ్మం ముందు దారి తీస్తున్నాడు. ఇంకెవరూ రాలేదు. వస్తారని గంటసేపు చూశాం. పదిమందికి సరిపడా కేకు, ఖాళీ కుర్చీలు, మేం ముగ్గురం.

"మొదలుపెట్టు" అంది మామ్మ.

మొదలుపెట్టాను. అశ్విని, భరణి, కృత్తిక దాటేసరికి తాత కళ్ళు మూతపడ్డాయి. మామ్మ ఓపికగా ఒక చోట ఆపింది. "ఇవన్నీ బాగున్నాయి, హనీ. వీటిలో నువ్వు కింద కూర్చున్నది ఏది?"

కాగితాలు తిరగేశాను. ఒక్కటీ లేదు. వాటిని పక్కన పెట్టి, మా ఆఫీసు గేటు పక్క టీ కొట్టు మీదికి వంగిన బాదం చెట్టు సంగతి చెప్పాను. దానికి ఏ నక్షత్రమూ లేదు, ఎవరూ మొక్కరు. డ్యూటీ ఎక్కే ముందు దాని కింద టీ తాగుతూ మేము ఎడిటర్ని తిట్టుకునేవాళ్ళం. ఏడాదికి రెండుసార్లు దాని ఆకులు మిషిగన్ అడవుల్లాగే ఎర్రబడి, విస్తరాకంత ఆకు ఒక్కోటి టప్పుమని గ్లాసు పక్కన పడేది. టీ కొట్టువాడు దాంతోనే బల్ల తుడిచేవాడు. అలా ఎంతసేపు మాట్లాడానో తెలియదు. తాత కళ్ళు తెరిచి వింటున్నాడు. చేతిలో కేకు అలాగే ఉంది.

మామ్మ తన పంచాంగం తెరిచి, ఆ ఒక్క ఖాళీ రోజు దగ్గర పెన్సిల్ పెట్టింది. "రాయనా?"

"ఆగు" అన్నాడు తాత. నావైపు తిరిగి, "ఇప్పటికీ ఉందా అది?" అని అడిగాడు. "లేని చెట్టును రాస్తే కుర్రవాడు మళ్ళీ మొదటికే వస్తాడు."

ఉందని చెప్పబోయి ఆగాను. ధ్రువపరచుకోని వార్త అచ్చుకు ఇవ్వకూడదని ఆరేళ్ళు నేర్పారు. "రేపు చెబుతాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే, అక్కడ సాయంత్రం డ్యూటీ వేళకు, డెస్కులో నా పక్క సీటువాడికి ఫోన్ చేశాను. వాణ్ణి అందరూ హెడ్డింగు అని పిలిచేవారు. ఏ సంగతైనా నాలుగు మాటల్లో చెప్పేస్తాడు.

"మన టీ కొట్టు దగ్గర బాదం చెట్టుందా?"

"అక్కడ చెట్టుందా?" అన్నాడు. ఆరేళ్ళు నా పక్కనే దాని కింద కూర్చున్నవాడు.

"వెళ్ళి చూడరా."

"పేజీ పెట్టాలిరా బాబూ" అంటూనే లేచాడు. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు, ఆటోల హారన్లు, గ్లాసులు కడుగుతున్న గలగల. నేను కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌ను చెవికేసి నొక్కుకున్నాను. అంత భయం నాకు ఇంటర్మీడియెట్ ఫలితాలప్పుడు కూడా లేదు.

"చెట్టు క్షేమం. ఒక కొమ్మకి ఫ్లెక్సీ. ఆకులు కొద్దిగా ఎరుపు" అన్నాడు. "అయినా ఎందుకు?"

"నా పుట్టినరోజుకిరా. నిన్న."

"నిన్నేంట్రా? నీది చవితి వెళ్ళాక కదా, ఆ రోజు ఆఫీసుకి మీ ఇంటి పులిహోర తెచ్చేవాడివి. ఒరే, అక్కడ బాగానే ఉన్నావా?"

బాగానే ఉన్నానని చెప్పాను. విల్లో మామ్మకు ఆ పూటే కబురు చేశాను. ఆవిడ పెన్సిల్‌తో రాసేసింది కూడా. ఆ తర్వాత నాకు పని చేసుకునే వీసా వచ్చింది, కారొచ్చింది, ఊళ్ళు మారాయి. ఇప్పుడు నలుగురు మాట్లాడుతుంటే నేనే పక్క గదిలోకి తప్పుకుంటాను. కాని మంచు పడుతున్న పొద్దుటి పూట అప్పుడప్పుడు ఫోన్ చెవికి నొక్కుకుని నిలబడ్డ ఆ కుర్రవాడు, అప్పటి నేను, గుర్తొస్తాడు, నవ్వొస్తుంది. వార్త ధ్రువపడ్డాక ఫోన్ పెట్టేయాలి కదా. వాడు పెట్టలేదు.

"ఇంకో రెండు నిమిషాలు అక్కడే నిలబడరా" అన్నాడు.

"ఎందుకు?"

"ఊరికే. నువ్వేం మాట్లాడక్కర్లేదు."