బామ్మర్ది చేతిలో తాడు

మా గూడెంలో కొండతేనె దించే రోజున తాడు ఎవరు పట్టాలన్న దాని మీద పంచాయితీ ఉండదు. తాడుకు వేలాడేవాడి భార్యకు అన్నో తమ్ముడో అయినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ములకు ఇవ్వరు. చేలు, చెలకల పంపకం దగ్గర ఎవరి మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు? స్నేహితుడికి అసలే ఇవ్వరు. బామ్మర్దికైతే కిందున్నవాడి మీద ఎంత కోపమున్నా చెయ్యి వదలబుద్ధి కాదు. వదిలితే బొట్టు చెరిగేది వాడి అక్కకో చెల్లికో. మనిషి మంచితనం మీద ఒక్క రవ్వ కూడా భారం వెయ్యని ఏర్పాటు ఇది. దీన్ని మొదట ఆలోచించినవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ భక్తి.

పని కూడా అట్లాగే ఉంటుంది. అడ్డతీగ నారతో పేనిన తాడును బండ పైన చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి, మిగతాది బామ్మర్ది తన నడుముకు వేసుకుని కాళ్ళు తన్నిపెట్టి కూర్చుంటాడు. పొగ పెట్టుకుంటూ కిందికి దిగినవాడు నోరు విప్పకూడదు. మాట వినపడితే ఈగలు లేస్తాయని మా నమ్మకం. అందుకని చెప్పుకునేదంతా తాడుతోనే. ఒకసారి లాగితే ఆగమని, రెండుసార్లు లాగితే వచ్చెయ్యమని. ఎందుకు రమ్మంటున్నావని అడగటం మా పద్ధతిలో లేదు. పైనున్నవాడికి గాలి మళ్ళటం తెలుస్తుంది, తాడు నలగటం తెలుస్తుంది. కిందున్నవాడికి తేనెపట్టు తప్ప ఏమీ కనపడదు. పైవాడు లాగాడంటే వచ్చెయ్యటమే.

నాకు పెళ్ళయిన ఏడాదే మా బామ్మర్ది నా తాడు పట్టాడు. నాకంటే కాస్త చిన్నవాడు, నాకంటే చాలా బలమైనవాడు. ఫారెస్టోళ్ళ దగ్గర వాచర్‌గా తిరిగేవాడు. మాట తక్కువ, తిండి ఎక్కువ. నేనేమో ఏన్కూరు అవతల ఆశ్రమ పాఠశాలలో ఆటల సారును. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అడవి పల్లెల నుంచి కొండలెక్కేవాళ్ళను తయారుచెయ్యాలని ఎవరో పెద్దసారుకు బుద్ధి పుట్టింది. బండలకు వేలాడి తేనె దించే సారు ఒకడున్నాడని ఎవరో చెప్పారు. అట్లా నేను ఉత్తరాదిలో మంచుకొండల శిక్షణకు రైలెక్కాను.

అక్కడ నన్ను ఎవరో తెలియని మనిషితో ఒకే తాడుకు కట్టారు. మంచిగానే ఉన్నాడు పాపం. కానీ నేను పడితే వాడికేం పోతుంది? వాడి అక్క ఎక్కడో కాపురం చేసుకుంటోంది. ఆ నెలంతా నేను మంచును గీరుకుంటూ చేతుల బలంతోనే ఎక్కాను గానీ తాడు మీద ఒక్కసారి బరువు వెయ్యలేదు. శిక్షణ ఇచ్చే సారు చూసి చూసి, నీకు తాడంటే నమ్మకం లేదా అని అడిగాడు. ఉంది, మా బామ్మర్దిని పిలిపిస్తే ఇంకా ఉంటుంది అన్నాను. గుడారం గుడారమంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, మరుసటి ఏడు వాణ్ణి తీసుకొచ్చేదాకా నేను ఊరుకోలేదు.

వాడికి కొండల మీద ఏ మోజూ లేదు. బావ రమ్మన్నాడు, వచ్చాడు. మొదటిసారి మంచు చూసి, "గిదేంది బావా, ఉప్పు కళ్ళం లెక్క ఉంది," అన్నాడు. అన్నాక దాని మీద ఇక ఎప్పుడూ ఏమీ అనలేదు. నేర్పింది నేర్చుకున్నాడు. నా నడుముకు, వాడి నడుముకు ఒకే తాడు. వాడి బరువు వెనక ఉందంటే నాకు కొండ మీద ఎక్కడైనా నిద్ర పట్టేది.

తర్వాతి కొన్నేళ్ళు మా ఇద్దరికీ మంచి కాలం. ఆఫ్రికాలో పెద్ద కొండ ఎక్కాం. ఎక్కటమేముంది, భద్రాద్రికి పాదయాత్ర పోయినట్టు నడిచాం. రష్యా కొండ మీద గాలి నన్ను పక్కకు ఎత్తేస్తే వాడు మంచులో బోర్లా పడి తాడు ఆపాడు. లేచి మంచు దులుపుకుని, "చలో బావా, జల్దీ," అన్నాడు, అంతే. తిరిగొచ్చిన ప్రతిసారీ తల్లాడ దాటి బస్సు అడవిలోకి మళ్ళగానే నాకు ఛాతీ కాస్త పైకి లేచేది. గూడెంలో మా అత్త ఒక్కతే నన్ను నేల మీదికి దించేది.

"ఏం తెచ్చినవ్ అల్లుడా?"

"ఏం లేదత్తా. పైన దిగిన ఫోటో."

"ఫోటో కోసం గంత దూరమా? ఖమ్మంల దిగుతలేరా ఫోటోలు?"

అందరూ నవ్వేవాళ్ళు. నా భార్య కూడా నవ్వేది. దక్షిణ అమెరికా కొండ నుంచి వచ్చిన తర్వాత ఆమె ఆ నవ్వు మానేసింది. అక్కడ చలికి నా ఎడమకాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. దిగమని వాడు నోటితో మొత్తుకున్నాడు గానీ తాడు లాగలేదు, పైదాకా పోయే వచ్చాను. దవాఖానాలో వేళ్ళు తీసేశారు. ఇంటికొచ్చాక ఆమె కట్టు విప్పి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. కాలికి నూనె రాసి, చెయ్యి కడుక్కుని పోయి పొయ్యి ముందు కూర్చుంది. ఇంత తేలిగ్గా తీసుకుందే అని నేను సంబరపడ్డాను కూడా.

ఆ తర్వాత వచ్చింది అసలు కొండ. పేరు చెప్పను. పలికితే ఇప్పటికీ నోరు చేదవుతుంది. హిమాలయాల్లో పెద్దవాటిలో ఒకటి. దాని కోసమే మిగతావన్నీ ఎక్కాను. నాకు నలభై దగ్గర పడుతోంది, వేళ్ళు లేవు, నన్ను జట్టులో వేసుకోవటమే గొప్ప. ఇది తప్పితే అంత పెద్ద కొండ మీదికి నన్ను మళ్ళీ ఎవరూ తీసుకుపోరని నాకు తెలుసు, మా ఇంట్లో వాళ్ళకూ తెలుసు.

పైకి పోయే రోజు తెల్లారేసరికి మేం ఆఖరి గట్టు మీద ఉన్నాం. జట్టు నాయకుడు ఇంకొకతనితో ముందు పోయి గట్టు మలుపులో కనపడకుండా అయ్యాడు. తర్వాత నేను, నా వెనక బామ్మర్ది. వాకీటాకీ వాడి దగ్గరుంది. ఆకాశం కడిగి ఆరబెట్టినట్టుంది. ఆయాసం తప్ప నాకు ఏ బాధా లేదు. కొన కళ్ళ ముందే ఉంది. దాని మీద ఎవరో పాతిన రంగు గుడ్డలు ఎగురుతుంటే వాటి రంగులు కూడా తెలుస్తున్నాయి.

అప్పుడు నడుము దగ్గర తాడు రెండుసార్లు లాగినట్టయింది.

నేను వెనక్కి తిరిగాను. ఆలోచించి కాదు. ముక్కు దురద పెడితే చెయ్యి పోయినట్టు తిరిగాను. వాడి దగ్గరికి దిగాక, "వాకీల చెప్పిన్రు బావా. పైన గాలి లేస్తదంట. అందరు దిగుతున్నరు," అన్నాడు. ఇంకోసారి ఆకాశం చూశాను. గాలి జాడే లేదు. అయినా అడగలేదు. మీరైతే అడిగేవాళ్ళు. దుకాణంలో తాడు కొనుక్కుని కొండలెక్కేవాళ్ళెవరైనా అడిగేవాళ్ళే. మేం అడగం. వాడు లాగాడు, నేను దిగాను.

గుడారంలో టీ పెట్టుకుని ముందు పోయినవాళ్ళ కోసం కూర్చున్నాం. పొద్దు వాలే వేళకు నాయకుడు, అతనితో పోయిన మనిషి నవ్వుకుంటూ దిగివచ్చారు. ఇద్దరూ కొన మీద నిలబడి వచ్చారు. నాయకుడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడెలా ఉంది? తల తిరగటం తగ్గిందా?" అని అడిగాడు.

"నాకు తల తిరగటమేంటి?"

"మీ బామ్మర్ది వాకీలో చెప్పాడుగా, మీకు బాగాలేదు, దించుతున్నానని."

వాడి వైపు చూశాను. వాడు టీ గ్లాసులోకి చూస్తున్నాడు. కాలర్ పట్టుకుని లేపాను. నాకంటే బలమైనవాడు, ఒక్క తోపు తోస్తే నేను లోయలో ఉండేవాణ్ణి. తోయలేదు. "నన్నడగకు బావా. అక్కనడుగు," అన్నాడు. ఎంత గుంజినా అంతకు మించి ఒక్క ముక్క రాలేదు.

రైల్లో ఢిల్లీ నుంచి ఖమ్మం దాకా ఎదురెదురుగానే కూర్చున్నాం. వాడు నాకు అరటిపళ్ళు కొనిపెడితే అక్కడే వదిలేశాను. అక్క పేరు ఊరికే అడ్డం పెట్టుకుంటున్నాడు, వీడికి నా మీద కుళ్ళు అనుకున్నాను. పేపర్లో ఎప్పుడూ నా ఫోటోనే వేస్తున్నారని లోపల్లోపల ఉడుకుతున్నాడనుకున్నాను. కుళ్ళు అయితేనే బాగుండేది. కుళ్ళుబోతును తన్ని తగలెయ్యొచ్చు.

ఇంటికెళ్ళేసరికి ఆమె వాకిట్లో ఇప్పపలుకులు వలుస్తోంది. నన్ను చూసి ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. బూట్లు కూడా విప్పకుండా అడిగాను.

"అవ్, నేనే చెప్పిన," అంది. చేతిలో పని ఆపలేదు. "పైదాక పోనియ్యకని తమ్మునితోని నా నెత్తి మీద ఒట్టు పెట్టిచ్చుకున్న. గా వేళ్ళు పోయిన్నాడే సమజైంది నాకు, నీ అంతట నువ్వు మర్లేటోడివి కాదని."

"గదేదో నాతోనే చెప్పొచ్చు గదా?"

"చెప్తే ఇంటవా?"

వినను. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. కానీ చెప్పి ఉంటే పోట్లాడుకునేవాళ్ళం. అన్నం మానేసి పడుకుంటాననో, పుట్టింటికి పోతాననో బెదిరించి ఉంటే నేను ఎదురు తిరిగేవాణ్ణి, లేదా ఓడిపోయి ఇంట్లో కూర్చునేవాణ్ణి. ఏదైనా నాకు తెలిసి జరిగేది. అట్లా కాకుండా నవ్వుతూ సంచి సర్దింది. వేపుడు బియ్యం కట్టిచ్చింది. బస్టాండు దాకా వచ్చింది. నా అడుగు ఎక్కడ ఆగాలో వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకుని ఉన్నారు. నేనొక్కణ్ణే నిజం కొండ ఎక్కుతున్నాననుకున్నాను.

"మరి వాడు నా తాడు పట్టింది ఎందుకు? నన్ను కట్టెయ్యనీకా?" అని అరిచాను.

ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. "నీ కోసం ఎప్పుడు పట్టిండు వాడు? నా కోసం పట్టిండు. నా తమ్ముడు గదా."

ఆ మాట ఆమె నన్ను గుచ్చటానికి అనలేదు. అందరికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియదా అన్నట్టు అంది. ఆ ఏర్పాటు గురించి నేను దేశదేశాల్లో, గుడారం గుడారంలో గొప్పగా చెప్పుకున్నాను. అందులో నేను ఎవరినని ఎన్నడూ చూసుకోలేదు. తాడు చివర కట్టిన, వాడి అక్క సొత్తును. అది తెలిసిన రోజు నాకు కలిగింది జ్ఞానోదయం కాదు, ఒళ్ళంతా మంట. ఇద్దరూ నన్ను మోసం చేశారు. ప్రేమతో చేశారని చెప్పినా మోసం మోసమే.

ఊళ్ళో నాకు తల తిరిగి దిగివచ్చానని పాకింది. కాదంటే వాణ్ణి నలుగురిలో నిలబెట్టాలి, దానికీ నోరు రాలేదు. స్టాఫ్‌రూములో ఒకాయన ఉసిరికాయ రసం తాగమన్నాడు. ఎర్రుపాలెం నుంచి వచ్చిన దూరపు చుట్టం మంత్రం వేయించుకోమన్నాడు. వాకిట్లో అందరి ముందూ నా భార్య, "అవ్, ఒంట్లె బాగుంటలేదు," అని నెమ్మదిగా తలూపేది.

మరుసటి ఏడు ఉత్తరాది నుంచి పిలుపు వచ్చింది. అంత పెద్దది కాదు, చిన్న కొండే. ఒప్పుకున్నాను. తాడుకు ఎవరు అని అడిగితే, ఎవరైనా ఫరవాలేదు, మా వాడు మాత్రం వద్దు అన్నాను. మంచి పనిమంతుణ్ణి ఇచ్చారు. మూడోరోజు ఒక మంచుగోడ అడ్డం వచ్చింది. దాన్ని దాటాలంటే వెనక్కి వాలి, మొత్తం బరువు తాడు మీద వేసి, కాళ్ళతో పక్కకు నడవాలి. రష్యాలో నవ్వుతూ చేసిన పని. "నేను పట్టుకున్నాను, వాలు," అని అతను అరుస్తున్నాడు. తాడు బిగువుగా ఉంది. మంచులో దిగ్గొట్టిన మేకు గట్టిగా ఉంది. నాకు వెన్ను వాలలేదు. ఇతను పట్టుకోవటానికి కారణమేముంది అని ఒక పక్క. కారణం ఉన్నవాడు ఏం చేశాడో చూశావుగా అని ఇంకో పక్క. గోడకు అతుక్కుని ఏడ్చాను. ఎండగా ఉంది, గాలి లేదు, నన్ను ఎవరూ దిగమనలేదు. నేనే దిగాను. నాకు అదే ఆఖరు కొండ అయింది.

ఇంటికి తొందరగా వచ్చేసినందుకు ఆమె సంతోషం పట్టలేకపోయింది. కోడిని కోసింది. తమ్ముడికి కబురు పెట్టింది. ఆ పెద్ద కొండ తర్వాత మేమిద్దరం ఒక చోట కూర్చుని తినటం అదే మొదలు. తర్వాత వాడు తల ఎత్తకుండా అడిగాడు.

"తాడు పట్టినోడు మంచిగ పట్టలేదా బావా?"

"మంచిగనే పట్టిండు. నాకే బరువెయ్యనీకి రాలే."

వాడి ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. ఏడాదిగా వాడి మీదున్న బండ ఎవరో దించినట్టయింది. అక్క వైపు చూసి నవ్వాడు. ఆమె కూడా నవ్వి వాడి కంచంలో ఇంకో ముక్క వేసింది.

"నేను లేకుంటే నీతోని కాదు బావా," అన్నాడు, ప్రేమగా. నిజంగానే ప్రేమగా.

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.